ఇల్లు వదిలి వచ్చిన పిల్లల్ని "ఎవరి కోసం వచ్చావు?" అని కూడా అడగండి: బాలల సంక్షేమ సమితులకు బహిరంగ లేఖ

ఆపదలో ఉన్న పిల్లల్ని ఎవరికి అప్పగించాలో, ఎక్కడ ఉంచాలో తేల్చే జిల్లా బాలల సంక్షేమ సమితుల చైర్‌పర్సన్లకు, సభ్యులకు, రైల్వే స్టేషన్లలో చైల్డ్ హెల్ప్ డెస్క్ దగ్గర కూర్చునేవాళ్లకు, రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) సిబ్బందికి నమస్కారం.

ఇళ్లు వదిలి వచ్చేసిన పిల్లలు ఉండే ఒక షెల్టర్‌లో సాయంత్రం పూట చదువు చెప్తుంటాను. నాకు అక్కడ ఉద్యోగం లేదు, హోదా లేదు, ఏ కాగితం మీదా నా సంతకం అక్కర్లేదు. బహుశా అందుకేనేమో పిల్లలు నాతో కాస్త ఎక్కువే మాట్లాడతారు. వాళ్లు చెప్పినవి విని విని, ఇది మీకు చెప్పకపోతే ఎవరికి చెప్పాలి అనిపించి రాస్తున్నాను.

మీ ముందుకు వచ్చే పిల్లల్లో కొందరు ఇంట్లోంచి పారిపోయి వచ్చినవాళ్లు కారు. ఒక మనిషిని వెతుక్కుంటూ బయల్దేరినవాళ్లు. ఎక్కువగా నాన్నని, కొన్నిసార్లు అమ్మని, ఒక్కోసారి చిన్నప్పుడు పెంచి ఆ తర్వాత కనబడకుండా పోయిన అమ్మమ్మనో పెద్దమ్మనో. మన కాగితాల్లో మాత్రం అందరూ "ఇంటి నుంచి పారిపోయిన బాలుడు", "ఇంటి నుంచి పారిపోయిన బాలిక". ఎక్కణ్ణుంచి వచ్చారో రాస్తున్నాం. ఎవరి దగ్గరికి వెళ్తున్నారో రాయడం లేదు.

ఒక పిల్లాడి సంగతి చెప్తాను. పదకొండేళ్లు ఉంటాయేమో. నోటుబుక్కు అట్ట చింపి మడిచి జేబులో పెట్టుకున్నాడు, దాని మీద బాల్‌పెన్నుతో ఒక ఫోన్ నంబర్. తొమ్మిది అంకెలే కనిపిస్తున్నాయి, చివరిది తడిసి చెరిగిపోయింది. వీడేం చేశాడంటే ఆ చివరి అంకె చోట సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కోటీ పెట్టి, ప్లాట్‌ఫారం మీద కనిపించిన ప్రతివాళ్లనీ ఫోన్ అడిగి, ఒక్కో నంబరూ చేసి చూశాడు. ఒక దానికి ఎవరో ఆడమనిషి పలికి రాంగ్ నంబర్ అంది, కొన్ని పనిచేయట్లేదు, ఒకటి మాత్రం స్విచాఫ్. ఆ స్విచాఫ్ వచ్చిన నంబరే నాన్నది అని వాడి నమ్మకం. ఎందుకురా అంటే, "నాన్న పనిలో ఉంటే ఫోన్ ఆపేస్తాడు సార్" అన్నాడు. వాడు నాన్నని చూసి అప్పటికి ఏళ్లు గడిచాయి, అయినా నాన్న అలవాట్లు అంత గట్టిగా గుర్తున్నాయి.

వాడి ఫైల్లో కారణం దగ్గర "తల్లి మందలించినందున ఇల్లు విడిచి వచ్చాడు" అని ఉందట. అబద్ధం కాదు, అమ్మ తిట్టిన మాట నిజమే. ఎందుకు తిట్టింది అంటే నాన్న ఎక్కడున్నాడని వీడు పదే పదే అడిగినందుకు. ఆ రెండో ప్రశ్న దాకా ఎవరూ వెళ్లలేదు. ఆధార్ దొరికింది, అడ్రస్ దొరికింది, అమ్మ వచ్చింది, ఏడ్చింది, ఇకపై జాగ్రత్తగా చూసుకుంటానని రాసిచ్చింది, తీసుకెళ్లింది. ఫైలు మూసేశారు. కొన్నాళ్లకి వాడు ఇంకో స్టేషన్‌లో దొరికాడు. అట్ట ముక్క మారింది, నంబర్ మాత్రం అదే.

మీరు పని చేయట్లేదని నేను అనడం లేదు. సమితి నెలకి కనీసం 20 రోజులు కూర్చోవాలని చట్టం చెప్తోంది, ఆ రోజుల్లో మీ ముందుకి వచ్చేవాళ్లలో భిక్షాటనలో దొరికిన పిల్లలుంటారు, పనిలోంచి విడిపించిన పిల్లలుంటారు, లైంగిక దాడికి గురైన పిల్లలుంటారు. వాళ్ల మధ్య ఇల్లూ అమ్మా అడ్రసూ ఉన్న ఒక పిల్లాడు తేలిక కేసులాగా కనిపించడం సహజం. హమ్మయ్య, వీడికి వెళ్లడానికి ఇల్లుందిలే అనిపిస్తుంది. నేను మాట్లాడేది సరిగ్గా ఆ తేలిక కేసు గురించే.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం మీకు నాకంటే బాగా తెలుసు. అయినా సెక్షన్ 2(14)లో ఏడో క్లాజు ఇంకోసారి చూడండి. రక్షణ, సంరక్షణ అవసరమైన బిడ్డ ఎవరు అని చెప్తూ, తప్పిపోయిన లేదా ఇల్లు విడిచి వెళ్లిన బిడ్డనీ, తగినంత విచారణ చేసినా తల్లిదండ్రులు దొరకని బిడ్డనీ ఒకే క్లాజులో పక్కపక్కన పెట్టింది. నా దగ్గర కూర్చునే పిల్లల్లో కొందరు ఒకేసారి ఆ రెండూ. ఇల్లు విడిచి వచ్చారు, ఇద్దరిలో ఒకరు దొరకట్లేదు. మనం మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేస్తున్నాం. అమ్మ దొరికింది కాబట్టి తల్లిదండ్రులు దొరికినట్టే అని లెక్క వేసుకుంటున్నాం. మన లెక్క సరిపోయింది, పిల్లాడి లెక్క సరిపోలేదు.

ఇంకో సంగతి. పిల్లాడు కనిపించకపోతే పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని, ముందు కిడ్నాప్ లేదా అక్రమ రవాణా అని అనుకునే దర్యాప్తు మొదలుపెట్టాలని పిల్లల హక్కుల కోసం పనిచేసే బచ్‌పన్ బచావో ఆందోళన్ సంస్థ వేసిన కేసులో 2013 మే 10న సుప్రీంకోర్టు చెప్పింది. చాలా మంచి తీర్పు, దాని వల్ల ఎంతోమంది పిల్లల కోసం వెతుకులాట మొదలైంది. మరి తండ్రి కనిపించకుండా పోతే? పనికని వెళ్లి ఏడాది పాటు డబ్బు పంపి, తర్వాత ఫోన్ ఎత్తడం మానేసిన మనిషి మీద ఎవరూ మిస్సింగ్ కేసు పెట్టరు. భార్యకి కోపం, అత్తింటివాళ్లకి అవమానం, ఊరివాళ్లకి కబుర్లు. ఆ మనిషి ఏమయ్యాడో నిజంగా తెలుసుకోవాలని పట్టుదలగా ఉన్నది ఆ ఇంట్లో ఒక్కరే, వాళ్లకి పదేళ్లు. వెతకడానికి వాళ్లకి తెలిసిన దారి ఒకటే, రైలెక్కడం.

ఇంట్లో వాళ్లకి ఏం చెప్తారో కూడా తెలుసుకోండి. "వస్తాడులే" అంటారు. "నువ్వు బాగా చదివితే వస్తాడు" అంటారు. లేదంటే "చచ్చాడనుకో" అంటారు. మూడూ ప్రమాదమే. మొదటి మాట ఎదురుచూపు పెంచుతుంది. రెండో మాటతో నాన్న రాకపోవడం పిల్లాడి తప్పయిపోతుంది, ఈ మాట విన్న పిల్లల్ని చూశాను, మార్కులు తగ్గినప్పుడు మిగతా పిల్లల కంటే వీళ్లు వేరేగా ఏడుస్తారు. ఇక మూడోది, అనుకోమన్నారు కాబట్టి నిజంగా చనిపోలేదని పిల్లలకి ఇట్టే అర్థమైపోతుంది. పాలీన్ బాస్ అనే అమెరికన్ ఫ్యామిలీ థెరపిస్టు 1970లలో దీని మీద పనిచేశారు. వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో మాట్లాడి, మనిషి ఉన్నాడో లేడో తెలియని ఇలాంటి బాధకి ముగింపు ఉండదని, చావు కంటే దీన్ని మోయడం వేరే రకం కష్టమని చెప్పారు. చనిపోతే కర్మకాండ ఉంటుంది, పదిమంది వచ్చి పలకరిస్తారు. వెళ్లిపోయినవాడికి అవేవీ ఉండవు. పెద్దవాళ్లకే మింగుడుపడని సంగతి ఇది, పిల్లలు దీన్ని ఒంటరిగా మోస్తున్నారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే విషయం. ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా కూర్చున్న పిల్లాణ్ణి మోసగాడు ఏమంటాడు? చాక్లెట్ ఇస్తాననడం పాత పద్ధతి. కాసేపు పక్కన కూర్చుని, పేరడిగి, ఎక్కడికి వెళ్తున్నావని అడిగి, పిల్లాడు నాన్న గురించి చెప్పగానే "మీ నాన్న నాకు తెలుసు, నేనూ అక్కడే పని చేస్తా, పద తీసుకెళ్తా" అంటాడు. అంతే చాలు. మా షెల్టర్‌కి వచ్చిన ఒక అమ్మాయి ఇలా సగం దారి దాకా వెళ్లింది. దారిలో ఆ మనిషి మీ నాన్న పొడుగ్గా ఉంటాడు కదా అన్నాడట, వాళ్ల నాన్న పొట్టి. ఆ ఒక్క మాటతో అనుమానం వచ్చి, రైలు ఆగిన చోట బాత్రూంకి అని చెప్పి దిగి, పోలీసు యూనిఫాం వెతుక్కుంది. ఆ పిల్ల తెలివికి దండం పెట్టాలి. కానీ వాడు ఇంకోలా అని ఉంటే? అంటే ఆ పిల్ల వినాలనుకున్న మాట, నేను వెతికిపెడతాను అన్న మాట, వాళ్లని అమ్ముకునేవాడి నోట్లోంచి వస్తోంది కానీ మన నోట్లోంచి రావట్లేదు. మనం అనేది "ఇంటికి పద".

అందుకే అడుగుతున్నాను. హెల్ప్ డెస్క్ దగ్గర మొదటి గంటలో "ఎందుకు పారిపోయావు?" అని అడిగేముందు "ఎవరినైనా కలవాలని బయల్దేరావా?" అని ఒక్కసారి అడగండి. మొదటి ప్రశ్నకి పిల్లలు తల దించుకుంటారు, దాంట్లో నేరం చేసిన వాసన ఉంది. రెండో ప్రశ్నకి చాలామంది తల ఎత్తుతారు. జేబుల్లోంచి కాగితాలు బయటికి వస్తాయి, ఫొటోలు వస్తాయి, కాంట్రాక్టర్ పేరో సైటు పేరో వస్తుంది. ఆ కాగితాన్ని దయచేసి తీసేసుకోకండి. ఫొటో తీసి ఫైల్లో పెట్టి, కాగితం పిల్లాడికే ఇచ్చేయండి, మీకు అది సమాచారం, వాడికి ఆస్తి. 24 గంటల్లోగా వాణ్ణి సమితి ముందు పెట్టేటప్పుడు ఆ పేరు కూడా వాడితో పాటు మీ ముందుకి రావాలి.

ఆ తర్వాత సమితి. సామాజిక విచారణ నివేదిక 15 రోజుల్లో పూర్తి కావాలని, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లోపు రావాలని సెక్షన్ 36లో ఉంది. ఇంట్లో ఎవరున్నారు, ఆదాయమెంత, పిల్లాణ్ణి కొడతారా అని అడుగుతారు, మంచిదే. దాంతో పాటు లేని మనిషి గురించి కూడా విచారించమని అధికారిని ఆదేశించండి. ఎప్పుడు వెళ్లాడు, చివరిసారి ఎవరితో మాట్లాడాడు, ఎవరు తీసుకెళ్లారు. పెద్ద దర్యాప్తు కాదు. మీకు ఫస్ట్ క్లాస్ జుడీషియల్ మేజిస్ట్రేట్‌కి ఉన్న అధికారాలున్నాయి, మీరు లేఖ రాస్తే ఒక పోలీస్ స్టేషన్ జవాబు ఇస్తుంది, అదే లేఖ ఆ అమ్మ రాస్తే ఎవరూ చదవరు. గల్ఫ్‌కి వెళ్లిన మనిషైతే విదేశాల్లో ఉన్న మనవాళ్ల గురించి ఫిర్యాదులు తీసుకునే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది, ఆ దేశంలో మన ఎంబసీ ఉంది. జైల్లో ఉన్నాడేమోనని అనుమానమైతే ఖైదీల వివరాలుండే ఈ-ప్రిజన్స్‌లో చూడమని జైళ్ల శాఖని అడగొచ్చు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం పిల్లలకి ఉచిత న్యాయ సహాయం హక్కు, కాబట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఒక లాయరుని పెట్టి ఈ ఉత్తరాల పని అప్పజెప్పొచ్చు. ఇవన్నీ ఇప్పటికే ఉన్న తలుపులే, పదేళ్ల పిల్లాడికి వాటి గొళ్లెం అందదు, అంతే.

ఇది దయాదాక్షిణ్యాల సంగతి కూడా కాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992 డిసెంబరులో చేరింది. అందులో 9వ అధికరణ, తల్లిదండ్రుల్లో ఒకరికి దూరమైన బిడ్డకి ఇద్దరితోనూ సంబంధం నిలుపుకునే హక్కు ఉందని చెప్తోంది, బిడ్డ మేలుకి విరుద్ధమైతే తప్ప. జైలు, దేశ బహిష్కారం లాంటి ప్రభుత్వ చర్య వల్ల తల్లో తండ్రో దూరమైతే, వాళ్లెక్కడున్నారో అడిగినప్పుడు ప్రభుత్వం చెప్పాలని కూడా అందులోనే ఉంది. అడగడానికి హక్కుంది సరే, కానీ అడిగే బిడ్డని ఎవరూ అడగనివ్వట్లేదు.

నాకు తెలుసు, మీలో కొందరు ఈపాటికి అడ్డు చెప్తుంటారు. తండ్రి తాగి కొట్టేవాడైతే? ప్రాణాలరచేతిలో పెట్టుకుని ఆ తల్లి పిల్లల్తో బయటపడి ఉంటే, మనమే వెళ్లి వాడికి అడ్రస్ ఇచ్చినట్టవదా? అవుతుంది. అందుకే వెతకడం వేరు, కలపడం వేరు అంటున్నాను. వెతికే పని గుట్టుగా మీరు చేయాలి. తల్లి ఎక్కడుందో, పిల్లలు ఎక్కడున్నారో అవతలి మనిషికి ఒక్క ముక్క కూడా తెలియకూడదు. ముందు తల్లిని విడిగా కూర్చోబెట్టి ఆ ఇంట్లో ఏం జరిగిందో వినాలి. భయపడే కారణం ఉంటే కలపొద్దు. కానీ ఆ సంగతి పిల్లాడికి వాడి వయసుకి తగ్గట్టు ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. "మీ నాన్న మీ అమ్మని కొట్టేవాడు, మీరు క్షేమంగా ఉండాలని అమ్మ వచ్చేసింది" అన్న మాట బాధగానే ఉంటుంది, కానీ ఆ బాధకి ఒక అడుగు ఉంది, కాలు ఆనుతుంది. ఏమీ చెప్పకపోతే పిల్లాడి ఊహలో నాన్న దేవుడవుతాడు, అమ్మ విలన్ అవుతుంది, పాపం ఆవిడ రెండు ఉద్యోగాలు చేసి పెంచుతూ విలన్ అనిపించుకుంటుంది.

తండ్రి దొరికి, నాకు వేరే సంసారం ఉంది, వాణ్ణి నా దగ్గరికి పంపొద్దు అంటే? అలాంటివీ ఉంటాయి. పెద్దమనిషిని బలవంతంగా తండ్రిని చేయలేం. కనీసం ఒక ఉత్తరం రాయమని, ఫోన్‌లో ఒక్కసారి మాట్లాడమని అడగొచ్చు కదా, సమితి అడిగితే కొందరైనా కాదనరు. అదీ కాదంటే, దొరికాడు, బతికే ఉన్నాడు, రానన్నాడు, అందులో నీ తప్పేమీ లేదు అని చెప్పాలి. ఆ చివరి ముక్క మరీ మరీ చెప్పాలి. చనిపోయాడని తేలితే అది కూడా. ఇంటివాళ్లు ఏళ్ల తరబడి దాచిన చావు కబురు ఒక కౌన్సెలర్ నోట విన్న పిల్లని నేను చూశాను. ఆ రాత్రంతా ఏడ్చింది, ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత నాన్న ఫొటో ఒకటి కావాలని అడిగింది. మళ్లీ రైలు గురించి అడగలేదు.

వెతికేది ఎప్పుడూ రక్తసంబంధాన్నే అనుకోవద్దు. ఫారంలో తండ్రి పేరు, తల్లి పేరు గళ్లుంటాయి, పిల్లాడి గుండెలో ఉన్న మనిషికి గడి ఉండదు. అయిదేళ్లు వచ్చేదాకా పెంచిన పిన్ని పెళ్లయి వెళ్లిపోయి ఉండొచ్చు. అమ్మతో కలిసి ఉన్నన్నాళ్లూ స్కూలుకి దింపిన మనిషి, కాగితాల్లో ఏమీ కాని మనిషి, ఒకరోజు గొడవపడి వెళ్లిపోయి ఉండొచ్చు. పిల్లలు వాళ్లని కూడా వెతుక్కుంటూ వస్తారు, అప్పుడు "వాళ్లు నీకేమవుతారు?" అని అడిగితే చెప్పలేక నీళ్లు నములుతారు. వాళ్లు అబద్ధం చెప్తున్నారనుకోకండి. ఆ మనిషి మంచివాళ్లా కాదా అని మీరు జాగ్రత్తగా విచారించండి, తప్పకుండా. మంచివాళ్లే అని తేలితే, ఇంట్లో పరిస్థితి బాగోనప్పుడు ఆ బిడ్డకి దిక్కు వాళ్లే కావచ్చు. బిడ్డ ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లని సంరక్షకులుగా గుర్తించే వెసులుబాటు చట్టం సమితికి ఇచ్చింది కదా.

ఇక ఇంటికి పంపడం గురించి. సెక్షన్ 37 ప్రకారం బిడ్డని కుటుంబానికి అప్పగించేటప్పుడు పర్యవేక్షణతో పంపొచ్చు, లేకుండా పంపొచ్చు, మీ ఇష్టం. ఇలా మనిషి కోసం వచ్చిన పిల్లల విషయంలో మాత్రం పర్యవేక్షణ పెట్టండి. ఎవరో ఒక సోషల్ వర్కర్ నెలకోసారి వెళ్లి, స్కూలుకి వెళ్తున్నావా అన్న దానితో పాటు "మీ నాన్న గురించి మేం రాసిన లెటర్‌కి ఇంకా జవాబు రాలేదు, వచ్చాక చెప్తాను" అంటే చాలు. ఇంకొకరు వెతుకుతున్నారని తెలిసిన పిల్లాడు తాను వెతకడం కాస్త ఆపుతాడు. ఇది నేను కళ్లారా చూసింది. చెప్పిన రోజుకి జవాబు రాకపోయినా పర్లేదు, ఎవరో వచ్చి రాలేదని చెప్పాలి. రాకపోవడం గురించి కూడా చెప్పేవాళ్లు ఇంతవరకు వాళ్ల జీవితంలో లేరు.

అమ్మల్ని తిట్టి పంపకండి, అది కూడా అడుగుతున్నాను. మీ ముందు నిలబడి ఇక జాగ్రత్తగా చూసుకుంటానని రాసిచ్చే ఆడమనిషిని కూడా ఎవరో వదిలేసి వెళ్లారు. ఆవిడకి జవాబు తెలియకే పిల్లాడి మీద అరిచింది. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, మీరిద్దరూ ఒకే మనిషి గురించి బాధపడుతున్నారు, ఇద్దరూ విడివిడిగా ఎందుకు బాధపడటం అని చెప్పేవాళ్లు ఒక్కరుంటే ఇంట్లో సగం యుద్ధం ఆగుతుంది.

ఒక్క పని వెంటనే చేయగలరు. దానికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. మీ జిల్లాలో రెండోసారి, మూడోసారి దొరికిన పిల్లల ఫైళ్లు వచ్చే సిట్టింగ్‌లో తెప్పించుకోండి. వాళ్లకి మొండి పిల్లలు, అలవాటుపడ్డ పిల్లలు అని పేరుపడి ఉంటుంది. ఆ ఫైల్లో వాళ్లు వెతుకుతున్న మనిషి పేరు ఎక్కడైనా ఉందేమో చూడండి. లేకపోతే పిల్లాణ్ణి పిలిపించి అడగండి, ఉంటే ఆ పేరు మీద ఇప్పటిదాకా ఎవరు ఏ ఉత్తరం రాశారో అధికారిని అడగండి. పదకొండేళ్ల వాడు తొమ్మిది అంకెలతో మొదలుపెట్టిన పని మీరు అందుకోండి, ఏం తేలిందో తేలిన రోజున వాడికి చెప్పండి.

ఇట్లు,
ఆ పిల్లలకి సాయంత్రాలు చదువు చెప్పే ఒక మనిషి